చిప్పు వేలిముద్ర కోసం పొలం కుదువ పెట్టాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మా బిడ్డ హైదరాబాద్‌లో ఈసీఈ మూడో సంవత్సరం. అసలు చిప్పేదో, నకిలీదేదో పట్టిచ్చే ‘పఫ్’ మీద ప్రాజెక్టు చేస్తానంటోంది. ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు హార్డ్‌వేర్ సెక్యూరిటీ కోర్సు ఆరు నెలలు, లక్షా ఎనభై వేలు అంటున్నారు. అరెకరం కుదువ పెట్టి కట్టమంటారా? పక్కింటి పిల్లాడు సాఫ్ట్‌వేర్‌లో నెలకు నలభై వేలు తెస్తున్నాడు, అటు పంపమంటారా?

జవాబు: పొలం జోలికి పోకండి. ముందు ఆ మాట.

కోర్సు పేరు ఏటా మారుతుంది గానీ ఈ ప్రశ్న మారదు. ‘సీఎస్‌ఈ సీటు ఇప్పించలేకపోయాను, బిడ్డ వెనకబడుతుందేమో’ అన్న బాధే దాని అడుగున ఉంటుంది. మీ బిడ్డ వెనకబడలేదు. ఆమె పట్టుకున్నది మంచి విషయమే.

చిప్పులో ఎస్‌ర్యామ్ అనే మెమరీ ఉంటుంది. అందులో ఒక్కో బిట్టుకు సాధారణంగా ఆరు ట్రాన్సిస్టర్లు. కరెంటు రాగానే అందులోని రెండు ఇన్వర్టర్లు (ఇంట్లో కరెంటు పెట్టెలు కావు, సున్నాను ఒకటిగా, ఒకటిని సున్నాగా తిప్పే చిన్న సర్క్యూట్లు) ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. రవ్వంత బలమున్నది గెలుస్తుంది, బిట్టు సున్నానో ఒకటో అవుతుంది. ఆ రవ్వంత తేడా తయారీలో దానంతటదే పడుతుంది. చేసినవాళ్లు కూడా దాన్ని అచ్చంగా మళ్లీ చేయలేరు. అదే చిప్పు వేలిముద్ర. దాన్ని చదివి చిప్పును గుర్తుపట్టే పద్ధతే పఫ్.

రేషన్ షాపులో నాట్లేసి అరిగిన వేలు మిషన్ మీద ఒక్కసారికి పడదు కదా. చిప్పుదీ అదే కష్టం. వేడెక్కినా, పాతబడినా కొన్ని బిట్లు తిరగబడతాయి. వాటిని సరిదిద్దే లెక్క పక్కన లేకపోతే పరీక్ష అసలు చిప్పునే నకిలీదని తోసేస్తుంది.

ఇక నా అనుమానాలు. సిలికాన్ చిప్పుల్లో పఫ్‌లను అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2002లోనే చూపించారు, అంటే ఇది కొత్త మాయేమీ కాదు. ఆర్బిటర్ పఫ్ (రెండు దారుల్లో ఏ సంకేతం ముందు చేరిందో చూసే రకం) అనేదాన్ని, కొన్ని వేల జవాబులు సేకరిస్తే మెషీన్ లెర్నింగ్‌తో అనుకరించవచ్చని 2010లో తేలిపోయింది. కోర్సు కరపత్రాలు ఈ మాట చెప్పవు. ‘పఫ్ ఇంజినీరు’ అని ఫ్రెషర్లను పిలిచే కంపెనీ కోసం వెతకొద్దు. సెక్యూరిటీ జట్లు చిన్నవి, ఎంటెక్ చేసినవాళ్లనో, డిజైన్‌లో కొన్నేళ్లు నలిగినవాళ్లనో తీసుకుంటాయి. కొత్తవాళ్లకు తలుపు తెరిచేది ఎక్కువగా వెరిఫికేషన్, అంటే చిప్పు తయారుకాకముందే డిజైన్‌లో తప్పులు పట్టే పని. దానికి నేర్వాల్సినవి సిస్టమ్ వెరిలాగ్, యూవీఎం, లినక్స్.

ప్రాజెక్టుకైతే లక్షలు అక్కర్లేదు. మూడు ఆర్డూయినో ఊనో ఆర్3 బోర్డులు (ప్రోగ్రాం ఎక్కించుకునే చిన్న సర్క్యూట్ బోర్డులు) చాలు. వాటి చిప్పులో 2 కిలోబైట్ల ఎస్‌ర్యామ్ ఉంటుంది. బోర్డు సొంత పనికి వాడుకునే (బూట్‌లోడర్, స్టాక్ తాకే) అంచులు వదిలేసి మధ్యలో 512 బైట్లు, అంటే 4,096 బిట్లు చదవాలి. మామూలు వేరియబుల్‌గా రాస్తే ప్రోగ్రాం మొదలవుతూనే అక్కడ సున్నాలు నింపేస్తుంది. అందుకే అలా నింపకుండా వదిలేసే ‘నోఇనిట్’ సెక్షన్‌లో పెట్టాలి. చాలామంది రీసెట్ బటన్ నొక్కి, ప్రతిసారీ ఒకే జవాబు వస్తోందని మురిసిపోతారు. రీసెట్‌తో కరెంటు పోదు, పాత బిట్లే మిగులుతాయి. యూఎస్‌బీ పీకి, పది సెకన్లు ఆగి, మళ్లీ పెట్టాలి. బోర్డుకు ఇరవై రీడింగులు. ఒకే బోర్డు రీడింగుల మధ్య కొద్ది శాతం బిట్లే మారాలి. రెండు బోర్డుల మధ్య తేడా సగానికి దగ్గరగా రావాలి. తర్వాత మన మే ఎండలో ఒకసారి, ఫ్రిజ్‌లో ఒకసారి. ఫ్రిజ్‌లోంచి తీస్తే బోర్డు మీద చెమ్మ దిగుతుంది. గాలి చొరని కవర్లో పెట్టి, వైరు బయటికి తీసి, లోపల ఉండగానే చదవాలి. ఈ పట్టికలు తన చేత్తో వేసిన అమ్మాయి ఇంటర్వ్యూలో తడబడదు.

సాఫ్ట్‌వేరా, చిప్పులా అని పోల్చమన్నారు. సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగాలు ఎక్కువ, పోటీ కూడా ఎక్కువే. చిప్పుల్లో తలుపులు తక్కువ, నేర్చుకోవడం నిదానం. అంతకుమించి పోల్చను. మీ ఉత్తరంలో పక్కింటి పిల్లాడి జీతం ఉంది గానీ, మీ బిడ్డ ఈ ప్రాజెక్టు మీద ఎందుకు మనసుపడిందో ఒక్క ముక్క లేదు. అడగలేదా? ఈ రాత్రే ఫోన్ చేసి అడగండి. ఆమె ముందు ఆ పిల్లాడి జీతం మాట ఎత్తకండి.

హార్డ్‌వేర్ సెక్యూరిటీ మీద ఖరగ్‌పూర్ ఐఐటీ పాఠాలు ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఉచితంగా ఉన్నాయి. ఆసక్తి నిలిస్తే ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ రాయనివ్వండి. గేట్‌తో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది.

అయినా మనసు ఆగకపోతే ఆ సెంటర్‌కు వెళ్లి రెండు అడగండి. పోయిన బ్యాచ్‌లో చేరినవాళ్లు ఇప్పుడు ఏ కంపెనీలో, ఏ పనిలో ఉన్నారు? సిమ్యులేషన్ టూల్ లైసెన్సుతో ఒక్కో విద్యార్థికి వారానికి ఎన్ని గంటలు ఇస్తారు? కాగితం మీద రాసివ్వమనండి. నసిగితే అక్కణ్నుంచే మిర్యాలగూడ బస్సెక్కండి.