ముందు మొసలి, ముఖద్వారం తర్వాత

పర్లాకిమిడి

అమ్మలూ,

ఆశీస్సులు. ఫోన్లో చెప్తే తెమిలే సంగతి కాదని ఉత్తరమే రాస్తున్నాను. కంప్యూటర్లో జూ కట్టే ఆ ప్లానెట్ జూ ఆట తెరిచి పక్కన పెట్టుకుని తీరిగ్గా చదువు.

నువ్వు పంపిన బొమ్మ చూశాను. మైదానం మధ్యలో ఇంతెత్తు ముఖద్వారం, దాని మీద సగం కట్టి వదిలేసిన గుమ్మటం, వెనకాల ఏమీ లేదు. "నాకు ఊహే రావట్లేదు మావయ్యా, క్రియేటివిటీ అనేది నాలో లేదేమో" అని కింద రాశావు. ఊహ లేకపోవడం కాదది. ప్లానెట్ జూ పట్టుకున్నవాళ్లు చాలామంది ముఖద్వారం దగ్గరే మొదలెట్టి అక్కడే విసిగిపోతారు. ముఖద్వారం పొడుగ్గా కట్టినా చెల్లుతుంది, పొట్టిగా కట్టినా చెల్లుతుంది, రాయి పెట్టినా వెదురు పెట్టినా అడిగేవాడు లేడు. ఏది చేసినా చెల్లిపోయే చోట చెయ్యి ఆడదు. ఉద్యోగమంతా డ్రాయింగ్ బల్ల ముందు గడిపినవాణ్ణి, నా మాట నమ్ము. స్థలం ఇంతే, గాలి ఇటు నుంచి, ఇంట్లో మోకాళ్ల నొప్పుల పెద్దావిడ ఉంది అని ఎవరైనా చెప్తేనే ప్లాను కాగితం మీదకి దిగుతుంది. ఏ షరతూ లేని ఇల్లు గీయమంటే పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చునేవాళ్లం.

అంచేత ఆ గుమ్మటం జోలికి ఇప్పట్లో వెళ్లకు. ముందు ఒక జంతువుని ఎంచుకో, అది పెట్టే షరతులు విను.

దానికి ముందు చిన్న ఏర్పాటు. ఫ్రాంచైజ్ మోడ్ ఇప్పుడే వద్దు. అక్కడ జంతువులు కొనడానికి కన్సర్వేషన్ క్రెడిట్లనే ఆట డబ్బు పోగెయ్యాలి, జంతువులు ముసలివై పోతుంటాయి, నువ్వు గోడకి రంగు ఎంచుకునేలోపు ఏదో ఒక గొడవ పిలుస్తుంది. కెరీర్‌లో మొదటి జూలు ఆడు, ఏ బటన్ ఎక్కడుందో చేతికి అలవాటవుతుంది. ఆ తర్వాత శాండ్‌బాక్స్‌కి రా. డబ్బు లెక్క ఉండదు. జంతువుల అవసరాలు కూడా ఆపేసుకునే వీలుంది, ఆపేసుకుని స్వేచ్ఛగా కట్టుకోమని చెప్పేవాళ్లు నీకు బోలెడుమంది దొరుకుతారు. నేను ఒప్పుకోను. ముసలితనం, చావు, జబ్బులు ఆపుకో. నీడ, నీళ్లు, నేల, మొక్కలు మాత్రం ఉంచు. అవీ తీసేస్తే మళ్లీ ముఖద్వారం కథే. ఆటని పాజ్‌లో పెట్టి కట్టుకో, పాజ్‌లో కూడా కట్టడం సాగుతుంది.

జంతువనగానే నీకు పెద్దపులి తోస్తుందని తెలుసు. నేను ఘరియల్‌ని, అంటే సన్న మూతి మొసలిని, తీసుకోమంటాను. అసలు ఆటలోనే ఉంటుంది, వేరే ప్యాక్ కొననక్కర్లేదు. మన ఒడిశాలో బతికే జంతువు కూడాను, మహానదిలో సాత్కోసియా దగ్గర ఉంటుంది. భువనేశ్వర్ నందన్‌కానన్‌లో 1980లో ఘరియల్ పిల్లలు పుట్టాయి. జూలో ఘరియల్ పిల్లలు పొదగబడడం అదే మొదలు. అదే ఏడాది అక్కడ మామూలు రంగు పులుల జంటకి తెల్ల పులిపిల్లలు పుట్టేసరికి జనం కళ్లన్నీ అటు పోయాయి. ఈ పొడుగు మూతి పాపం ఎప్పుడూ రెండో వరసే.

దాని ఒళ్లు ఒకసారి చూడు. సన్నగా పొడుగ్గా ఉన్న మూతి చేపల కోసం, నీళ్లలో అడ్డంగా విసరడానికి. తోక బలం, కాళ్లు బలహీనం. పెద్దదైన ఘరియల్ మన మామూలు మొసలిలాగా ఒళ్లు పైకెత్తి నేల మీద నడవలేదు, పొట్ట ఆనించి జరుగుతుందంతే. అయినా ఎండ కాగాలంటే ఒడ్డుకి రావాలి, గుడ్లు పెట్టాలంటే ఇసక కావాలి. నీ ప్లాను మొత్తం ఈ నాలుగు వాక్యాల్లోనే ఉంది. ఒక పక్క లోతైన నీళ్లు. ఆ పక్కన నెమ్మదిగా పైకి లేచే ఇసక దిబ్బ, ఎక్కడా మెట్టు పడకూడదు. దిబ్బ మీద చెట్టు నీడ పడకూడదు. జనం నీళ్లకి ఇవతల నిలబడితే ఎదురుగా దిబ్బ మీద పడుకున్న జంతువు కనబడుతుంది, వీళ్ల అలికిడి దాన్ని తాకదు. చూశావా, ఇంకా ఒక్క గోడ ముక్క కూడా పెట్టలేదు, సగం జూ తయారైపోయింది.

ఆటలో చెయ్యడం ఇలాగ. నేలని తోసే పనిముట్టుతో ఒక పక్క లోతుగా దింపు. అవతలి ఒడ్డుని స్మూత్ బ్రష్‌తో రుద్దుతూ వాలు చెయ్, తొందరపడకు, బ్రష్ బలం తగ్గించుకుని రుద్దు. ఇసక వేసి తర్వాత నీళ్లు నింపు. ఆవరణ ప్యానెల్లో జంతువు ఎంతవరకు తిరగగలదో రంగు వేసి చూపించే ట్రావర్సబుల్ ఏరియా అనే మ్యాప్ ఒకటుంది. అది వేసి చూడు. దిబ్బకి రంగు పడలేదంటే వాలు నిటారుగా ఉందన్నమాట, మళ్లీ రుద్దాలి. కంచె గీత చుట్టూ పూర్తిగా కలిసిపోవాలి, లేకపోతే ఆట దాన్ని ఆవరణగానే లెక్కెయ్యదు. జనం నిలబడే పక్క పొట్టి గాజు పెట్టుకో, మిగతా పక్కల కంచె మొక్కల వెనక్కి నెట్టెయ్. చువ్వలు లేకుండా నీళ్లూ కందకాలూ అడ్డం పెట్టి జంతువుని చూపించడం కొత్తదేం కాదు, హాంబర్గ్ దగ్గర కార్ల్ హాగెన్‌బెక్ 1907లో తెరిచిన జూలో అదే చేశాడు. కందకం జనం కంటికి ఆనకుండా కట్టడంలోనే అతని పనితనమంతా ఉంది. నువ్వు కూడా కంచె ఎలా కట్టాలి అని కాకుండా ఎక్కడ దాచాలి అని ఆలోచించు.

ఇప్పుడు జనం నిలబడే చోటు. ఆటలో కట్టుబడి సామాన్లు థీముల వారీగా ఉంటాయి, అందులో ఇండియా థీమ్ తెరిస్తే తోరణాలు, గుమ్మటాలు, చెక్కడపు పని కళ్లు చెదిరేలా వస్తాయి. మన ఊళ్లో గజపతుల కోట ఉంది కదా అంటావేమో, దాని సంగతి ఇంకో ఏడాది చూద్దాం. నువ్వు రాయగడ నుంచి గుణుపురం మీదుగా ఇక్కడికి వచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి సవర గిరిజనుల ఊళ్లు చూస్తూనే ఉన్నావు. ఆ ఇల్లు గుర్తు తెచ్చుకో. ఎత్తు అరుగు. ఎర్రమట్టి పూసిన గోడ. గోడ మీదకి బాగా కిందికి దిగిన గడ్డి కప్పు, అరుగు మీదకి వెళ్లాలంటే నడుం వంచాలి. చూరు కిందికి దిగింది వాన జల్లు మట్టి గోడని తాకకుండా. అరుగు పైకి లేచింది కొండ మీంచి పారే నీరు గుమ్మంలోకి రాకుండా. మన మొసలి చెరువుకి ఆ రెండూ అక్కరకొస్తాయి. దిగువ చూరు కింద చీకటిగా ఉంటుంది, చీకట్లో నిలబడి చూస్తే ఎండలో ఉన్న నీళ్లూ దిబ్బా స్పష్టంగా కనబడతాయి. ఎత్తు అరుగు మీద పిల్లలకి కూడా గాజు పైనుంచి చూపు పారుతుంది.

కట్టబోయే ముందు ఒక కొలత. ఆటలో గోడ ముక్క కూర్చునే గడి ఎత్తు నాలుగు మీటర్లు, అంటే పదమూడు అడుగుల పైమాటే. మన ఇళ్ల స్లాబు పది అడుగుల ఎత్తులో ఉంటుంది, సవర ఇంటి చూరు అందులో సగం ఉంటే ఎక్కువ. కొత్తవాళ్లు కట్టిన గుడిసెలన్నీ గోడౌన్లు అయిపోయేది ఈ ఒక్క లెక్క వల్లే. పొట్టి గోడ ముక్కలు వాడు, లేదా పూర్తి గోడ పెట్టి సగం భూమిలోకి దించు, అడిగేవాడు లేడు. కట్టే చోట ముందే ఒక బెంచీ పెట్టుకుని దాన్ని చూసుకుంటూ కట్టు. బెంచీ మనిషి కొలత తప్పనివ్వదు.

థీమ్ పేర్లు చూసి భయపడకు. గడ్డి కప్పు ఆఫ్రికా సామాన్లలో కనబడినా, దుంగలు ఇంకెక్కడో ఉన్నా తెచ్చుకో. నీకు కావాల్సింది గడ్డి, దాని పుట్టిల్లు కాదు. రంగు మార్చుకోగల సాదా గోడ తీసుకుని ఎరుపులో కాస్త గోధుమ కలుపు, మరీ కుంకుమ ఎరుపు చెయ్యకు. గోడ ముక్కలు గడిలోనే కూర్చుంటాయి. దుంగలు, పలకలు, రాళ్లకి గడితో పనిలేదు. వాటిలో దేన్నయినా పట్టుకుని ఎక్స్ మీట నొక్కితే బాణాలూ చక్రాలూ వస్తాయి, అంగుళం అంగుళం జరుపుకోవచ్చు, ఎటు కావాలంటే అటు వంచుకోవచ్చు. నీ ఆటంతా ఆ మీటలోనే ఉంది. చూరుకి పెట్టే దుంగలు ఒకటి పెట్టి కంట్రోల్, డి నొక్కి నకళ్లు తీసుకో. కానీ ప్రతి నకలునీ కొద్దిగా తిప్పు, ఒకటి కాస్త బయటికి లాగు, ఒకటి లోపలికి నెట్టు. గొడ్డలితో చెక్కిన దుంగలు ఏ రెండూ ఒక్కలా ఉండవు. స్తంభం ఒక్కటి కొంచెం పక్కకి వాలనీ. ముక్కలు ఒకదాంట్లోంచి ఒకటి దూరినా ఆట ఊరుకుంటుంది కాబట్టి గడ్డి కప్పు ముక్కలు రెండు పొరలుగా ఒకదాని మీదకి ఒకటి జరిపితే చూరు మందంగా వస్తుంది. పలచని చూరు ఎంత రంగేసినా అట్టముక్కే.

ఒక్కటి మాత్రం చెయ్యకు. సవర బొమ్మలు బాగుంటాయని బయట గోడ నిండా అంటించకు. హోటళ్లలో అలాగే అంటిస్తున్నారు, తెలుసు. అసలు వాటిని ఇంటి లోపలి గోడ మీద వేస్తారు, దేవతల కోసం, పితరుల కోసం. వచ్చేపోయేవాళ్లకి చూపించడానికి కాదు. ఎర్ర గోడని ఎర్రగానే ఉండనీ.

రాళ్ల దగ్గర కొత్తవాళ్లు దొరికిపోతారు. ఒకే సైజు రాళ్లు తెచ్చి పళ్లెంలో లడ్డూల్లా నేల మీద పేరుస్తారు. ఒక పెద్ద రాయి తీసుకుని మూడొంతుల్లో రెండొంతులు భూమిలోకి దించు. దాని పక్కనే అదే జాతి రాయి చిన్నది, అటు తిప్పి పెట్టు. ఇంకాస్త చిన్నవి నీటి అంచున, సగం తడిసేలా. రాయికీ నేలకీ మధ్య గీత కనబడిన ప్రతిచోటా గడ్డి దుబ్బు వెయ్. గోడ అడుగునా అంతే. మొక్కలు మాత్రం జంతువు సొంత ఖండానికి, వాతావరణానికి సరిపోయేవే వెయ్యి, సరిపోనివి వేస్తే ఆట చెప్తుంది. ఆ జల్లెడ పట్టాక మిగిలే మొక్కలు కొన్నే, అవి చాలు. పొడుగువి వెనక, పొట్టివి ముందు అని స్కూలు గ్రూపు ఫోటోలాగా మాత్రం నిలబెట్టకు.

దారుల సంగతి పెద్దగా చెప్పేది లేదు. అవి అందర్నీ ఏడిపిస్తాయి. వంపులు చిన్నవిగా వెయ్యి, అంచులు మొక్కలతో కప్పెయ్. కీపర్ గది, ట్రాన్స్‌ఫార్మర్, నీళ్లు శుభ్రం చేసే యంత్రం జనానికి కనబడితే వాళ్లు మొహం మాడ్చుకుంటారు, వాటిని స్టాఫ్ దారి చివర చెట్ల వెనక పెట్టు. నీళ్ల యంత్రం లేకపోతే చెరువు మురికవుతుంది, మర్చిపోవద్దు.

ఇతరులు కట్టి పెట్టిన బ్లూప్రింట్లు దింపుకోవడం తప్పా అని అడిగావు. తప్పేం లేదు, కానీ అలాగే తెచ్చి నీ జూలో పెట్టుకుంటే నేర్చుకునేది సున్నా. ఖాళీ స్థలంలో పెట్టి విప్పు. కప్పు తీసెయ్, కింద ఏముందో చూడు. తలుపు అనుకున్నది బల్ల పలక అయి ఉంటుంది, కిటికీ చువ్వలు అనుకున్నవి కంచె ముక్కలై ఉంటాయి. వాడు ఏ వస్తువుని దేనికి వాడాడో అది జేబులో వేసుకుని మిగతాది చెరిపెయ్. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో పాత ప్లాన్లు ట్రేసింగ్ కాగితం మీద దించడమే పని.

రోజూ ఒకసారి జనంలో ఎవరో ఒకరి మీద నొక్కి, వాళ్ల కంటి ఎత్తు నుంచి చూసే కెమెరా పెట్టుకుని మొత్తం నడువు. పైనుంచి గద్దలాగా చూస్తూ కట్టినవాళ్లకి పైకప్పులే బాగుంటాయి. కింద నడిచేవాడికి చూరు అడుగు కనబడుతుంది, దుంగల చివర్లు కనబడతాయి, గాజు అవతల ఖాళీ నేల కనబడుతుంది. అక్కడ పని చెయ్. వెనక పక్క ఎవరూ వెళ్లని గోడకి అలంకారాలు చెయ్యకు. ముక్కలు పెరిగేకొద్దీ నీ లాప్‌టాప్ ఈడ్చడం మొదలెడుతుంది.

అంతా అయ్యాక గుడిసెలోని దుంగలూ గోడలూ అన్నీ ఒకే గ్రూపులో ఉన్నాయో లేదో చూసుకుని బ్లూప్రింట్‌గా భద్రం చేసి, ఆటగాళ్లు తాము కట్టినవి పంచుకునే స్టీమ్ వర్క్‌షాప్‌లో పెట్టు. నేను దింపుకుని విప్పి చూస్తాను, చూరు పలచగా ఉంటే ఫోన్ చేస్తాను. దసరా సెలవులకి వచ్చేటప్పుడు గుణుపురంలో దిగిపో, నేను అక్కడికి వస్తాను. పుట్టాసింగి వైపు వెళ్లి, ఇంటివాళ్లని అడిగి, ఒక అరుగెత్తూ చూరెత్తూ కొలుచుకుందాం. టేపు నువ్వే పట్రా, నాది తుప్పు పట్టి బయటికి రావట్లేదు.

మీ మావయ్య