ఉద్యోగం మానేసి పెళ్లి ఫోటోగ్రాఫర్ అవ్వాలంటే ఏ కెమెరా కొనాలి?

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. వయసు 26, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతిలో 4 లక్షలు. ఏ కెమెరా కొనాలి, ఉద్యోగం ఎప్పుడు మానేయాలి అని అడిగారు. నేను పాలకొల్లు వైపు పెళ్లిళ్లు తీస్తూ పాతికేళ్లు దాటింది. నా మాట వింటే ఆ 4 లక్షలు బ్యాంకులోనే ఉంచండి. ఎవరైనా పాత ఫోటోగ్రాఫర్ మాస్టారి దగ్గర రెండు సీజన్లు లైటు పట్టుకోండి. కెమెరా సంగతి ఆ తర్వాత.

ఎందుకంటున్నానో చెప్తాను. 1999 వేసవి. పెనుగొండ దగ్గర ఒక ఊళ్లో పెళ్లి, ముహూర్తం రాత్రి 2 గంటల 41 నిమిషాలకి. నేను మాస్టారి దగ్గర చేరి నాలుగు నెలలైంది. లైటు పట్టుకుని, వైర్లు చుట్టి విసుగొచ్చి, కెమెరా ఇమ్మని రోజూ ఆయన ప్రాణం తీసేవాణ్ణి. ఆ రాత్రి పాత యాషికా చేతిలో పెట్టి, "నువ్వు పెళ్లికొడుకు వెనక నుంచి అమ్మాయి మొహం చూసుకో. మిగతాది నేను చూసుకుంటా" అన్నారు.

గౌరీపూజ తీశాను. మేనమామలు గంపలో అమ్మాయిని ఎత్తుకొస్తుంటే ఎదురెళ్లి మరీ తీశాను. ఎన్ని అయ్యాయో చూసుకోలేదు. రీలుకి 36. తెర పట్టారు. పంతులుగారు తమలపాకు మీద జీలకర్ర బెల్లం ముద్ద పెట్టి ఇద్దరి చేతికీ ఇచ్చారు. గట్టిమేళం అందుకుంది. రెండు కొట్టాను. మూడోదానికి రీలు తిప్పే లివర్ కదల్లేదు.

తెర దించారు. అమ్మాయి నడినెత్తిన అబ్బాయి చెయ్యి ఉంది. బెల్లం పాకం పాపిట పక్క నుంచి సన్నగా చెంప మీదికి జారుతోంది. అప్పుడు కళ్లెత్తి అతన్ని చూసింది. నాకు వ్యూఫైండర్‌లో అంతా కనబడుతోంది, బొటనవేలి కింద లివర్ మాత్రం బిగుసుకుపోయింది. గట్టిగా లాగాను. లోపల టప్పుమని ఫిల్మ్ ఊడింది. చేతులు వణుకుతుంటే, వీడియో వాళ్ల 1000 వాట్ల హాలోజన్ లైటు కిందే వెనక మూత తెరిచేశాను.

మర్నాడు ల్యాబులో నెగెటివ్ పైకెత్తి చూస్తే చివరి పన్నెండు ఫ్రేములు బొగ్గులా నల్లగా ఉన్నాయి. జీలకర్ర బెల్లమే కాదు, గంప ఫోటోలు కూడా పోయాయి.

మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. ఆల్బమ్ ఇచ్చేదాకా ఆగకుండా ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకుని పెళ్లివారింటికి వెళ్లారు. అరుగు మీద కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పి, "కుర్రాడిది కాదండీ తప్పు, రీలు సంగతి నేను చూసుకోవాల్సింది. బ్యాలెన్సు నాకొద్దు" అన్నారు. పెళ్లికూతురి తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీరు తీసినవి ఉన్నాయిగా మాస్టారూ, అవి పెట్టండి. పిల్లని పంపించాం, ఇంట్లో ఎవరికీ ముద్ద దిగట్లేదు. ఇప్పుడు డబ్బుల మాట వద్దులెండి" అని లోపలికెళ్లి సగం తెచ్చిచ్చారు. రెండేళ్ల తర్వాత చిన్నమ్మాయి పెళ్లికీ మమ్మల్నే పిలిచారు.

తిరుగు బస్సులో మాస్టారు చెప్పిన మాట మీద నా వ్యాపారమంతా నిలబడింది. "ముహూర్తానికి పావుగంట ముందు రీలు మార్చెయ్యాలిరా. పది ఫ్రేములు మిగిలినా సరే మార్చెయ్యాలి. ఆ పది ఫ్రేముల ఖర్చు బేరంలోనే కలుపుకోవాలి." తర్వాతి సీజనంతా మళ్లీ నాకు లైటే ఇచ్చారు. పంతులుగారి చూపు ఎటు తిరిగితే ఏం జరగబోతోందో, తలంబ్రాలప్పుడు ఎవరు అడ్డొస్తారో, అప్పగింతల్లో తండ్రి ఏ క్షణంలో మొహం పక్కకి తిప్పుకుంటాడో ఆ సీజన్‌లోనే తెలిసింది. ఇది ఏ వీడియో పాఠంలోనూ రాదు.

ఇప్పుడు రీళ్లు లేవు కానీ సూత్రం అదే. గౌరీపూజ అవ్వగానే కార్డు, బ్యాటరీ మార్చేస్తాను, కార్డు ఎంత ఖాళీగా ఉన్నా సరే. కార్డు పాడైనా రెండోదాంట్లో ఫోటోలుండాలి, అందుకే పెళ్లిళ్లకి ఒకే కార్డు పట్టే కెమెరా వద్దంటాను. 2018లో నికాన్ జెడ్6, కెనాన్ ఈఓఎస్ ఆర్ రెండూ ఒక్క స్లాటుతోనే వచ్చాయి. చాలామంది కుర్రాళ్లు మోజుపడి కొన్నారు. అదే ఏడాది వచ్చిన సోనీ ఏ7 త్రీకి రెండు స్లాట్లున్నాయి. కెమెరా గురించి నేను చెప్పేది ఇంతే. లెన్సులు మొదటి ఏడాది అద్దెకి తెచ్చుకోండి.

కొత్తవాళ్లు దెబ్బతినేది బేరం దగ్గర. పక్కవాడు 60 వేలంటే తను 40 వేలంటాడు. రెండో కెమెరా, పాడయ్యే కార్డులు, హార్డ్ డిస్కులు, అసిస్టెంటు భోజనం, రాత్రి ప్రయాణం ఏవీ అందులో ఉండవు. అన్నిటికన్నా ముఖ్యం, మూఢంలో పెళ్లిళ్లుండని నెలల లెక్క ఉండదు. 2024లో ఏప్రిల్ ఆఖరు నుంచి జులై దాకా శుక్ర మూఢం, ఆ వెంటనే ఆగస్టు మొదటిదాకా ఆషాఢం. వేసవి సీజనంతా పోయింది. మా వైపు ఒక కుర్రాడు అంతకుముందే వాయిదాల మీద కెమెరా, డ్రోన్ కొన్నాడు. మూడో నెల కట్టలేక డ్రోన్ సగం ధరకి అమ్మేశాడు. మంచి చెయ్యి ఉన్నవాడు, చూస్తే బాధేసింది. బారసాలలకీ, పుట్టినరోజులకీ, స్కూలు గ్రూపు ఫోటోలకీ మూఢం లేదు. నేను ఆ మూడు నెలలూ వాటితోనే గడిపాను. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన లేకుండా ఈ వృత్తిలోకి దిగకండి.

ఇంకోటి, ఫోటో సెలక్షన్. రెండు వేల ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి ఆల్బమ్‌కి 200 ఏరమంటే ఏడాది గడిచినా ఏరరు. ఆల్బమ్ అవ్వదు, బ్యాలెన్సు రాదు. ఈలోగా వాళ్లకి బిడ్డ పుడుతుంది, బారసాలకి పిలుస్తారు, పాత డబ్బు అడగడానికి మనకి మొహమాటం. అందుకని ఇప్పుడు రాసుకుంటున్నాను: బుకింగ్‌కి సగం, పెళ్లి ముందు రోజుకి ఇంకో 40 శాతం, 45 రోజుల్లో సెలక్షన్ ఇవ్వకపోతే నేనే ఏరేస్తాను. ఆ కాగితంలోనే ఫోటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవచ్చా లేదా అని కూడా రాయించుకోండి. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద మొదటి హక్కు తీయించుకున్నవాళ్లదే. తీసింది నేనే కదా అనుకుంటే కుదరదు.

ఉద్యోగం సంగతి. మన సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ కూడా మీలాగే ఇంజనీరింగ్ చదివినాయనే. రూర్కీలో చదివి, ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగం చేస్తూ ఫోటోలు తీశారు. పేరొచ్చాక ఉద్యోగం వదిలారు, ఆరో నిజాంకి ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. మీకు శని, ఆదివారాలు సెలవు. ముహూర్తాలు ఎటూ సగం రాత్రిళ్లే. శ్రావణంలో మొదలుపెట్టండి. మొదటిరోజు కెమెరా బ్యాగు తీసుకెళ్లకండి, చెప్పులు తేలిగ్గా విప్పేవి వేసుకోండి, మండపం ఎక్కాక మాస్టారి ఎడమ భుజం వెనక నిలబడండి. లైటు అక్కడి నుంచే సరిగ్గా పడుతుంది.