పడమటి వరుసలు మాడింది తెగులు వల్ల కాదు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా పొదలకూరు మండలం. ఐదెకరాల నిమ్మతోట, తొమ్మిదేళ్ల చెట్లు, డ్రిప్ ఉంది. వేసవి కాయ బాగా పట్టింది. పది రోజులుగా పడమటి వైపు మూడు వరుసల్లో ఆకులు మాడి, కాయ రాలుతోంది. మందుల షాపులో అడిగితే నల్లి, ఎండుతెగులు రెండూ ఉన్నాయన్నారు. గంధకం పొడి, రెండు పురుగుమందులు, ఒక టానిక్ కలిపి కొట్టాను. తగ్గలేదు. ఈ వేసవిలో ఎండలు ఎక్కువని, సాయంత్రాలు ఈదురుగాలులు, పిడుగులు ఉంటాయని టీవీలో చెబుతున్నారు. గాలివాన రాకముందే ఏ మందు కొట్టమంటారు? ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: ఏ మందూ కొట్టవద్దు. మీ తోటలో నల్లీ లేదు, ఎండుతెగులూ లేదు.

మీరు పంపిన రెండో ఫొటో మళ్లీ చూడండి. కంచె అవతల నేలంతా నల్లగా ఉంది. అది వరి కొయ్యకాళ్లు తగలబెట్టిన మడి. మీ చెట్లకు ఆ వైపు ఆకులే రాగి రంగుకు తిరిగాయి. అదే చెట్టుకు తూర్పు పక్క పచ్చగా ఉంది. మూడు వరుసల్లోనూ ఒకే దిక్కున పట్టే తెగులు ఏదీ లేదు. మూడో ఫొటోలో చెట్టు మొదట్లో డ్రిప్ పైపు కరిగి ముద్దయింది. పైపును కరిగించిన సెగ ఆకును వదులుతుందా? నల్లి ఉంటే కాయ తొక్క మీద మంగు, అంటే తుప్పు రంగు గరుకు మచ్చ, కనపడాలి. మీ కాయలు నున్నగా ఉన్నాయి.

దానికి తోడు గంధకం. ఎండ 35 డిగ్రీలు దాటాక గంధకం కొడితే ఆకు కాలుతుంది. సెగకు సగం చచ్చిన ఆకు మీద నాలుగు మందులు ఒకే ట్యాంకులో కలిపి పోయించిన ఆ షాపు వారు మీ తోట గట్టు కూడా తొక్కలేదు. చెట్టు చూడకుండా ఇచ్చే సలహాకు డబ్బు పెట్టకండి. అదే డబ్బుతో కాలిన పైపులు మార్చుకునేవారు.

ఇప్పుడు చేయాల్సింది. మాడిన కొమ్మ మీద బెరడును చాకుతో కొద్దిగా గీకండి. లోపల పచ్చగా ఉంటే కొమ్మ బతికే ఉంది. పచ్చగా లేకపోయినా ఇప్పుడే నరకవద్దు. ఐదారు వారాల్లో కొత్త చిగురు వస్తుంది, ఎక్కడి దాకా ఎండిందో అప్పుడు తెలుస్తుంది. ఆకు రాలి నేరుగా ఎండ తగిలే మొదళ్లకు, పెద్ద కొమ్మలకు సున్నం పూయండి. బెరడు పగిలిన చోట బోర్డో పేస్టు పట్టించండి: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీరు. విడివిడిగా కరిగించి ప్లాస్టిక్ డ్రమ్ములో కలపాలి, ఇనుప పాత్ర వాడకూడదు. నీరు సాయంత్రం వేళ, రోజూ కొద్దికొద్దిగా ఇవ్వండి. వారం ఎండగట్టి ఒక్కసారిగా నింపితే కాయ పగులుతుంది.

సెగ తగలని వరుసల్లో కూడా పచ్చికాయ రాలుతుంటే, తడి సరిచేశాక ఒక్కసారి మాత్రం కాయ రాలుడు ఆపే హార్మోను మందు ప్లానోఫిక్స్ 4.5 లీటర్ల నీటికి 1 మి.లీ. చొప్పున ఉదయం 8 లోపు కొట్టండి. మోతాదు పెంచితే లాభం కాదు, నష్టం. కాలిన వరుసలకు ఇది కూడా వద్దు.

ఇక వాతావరణం. వేసవి మొత్తానికి ఇచ్చే అంచనా మూడు నెలల సగటు మాట. దాన్ని బట్టి ఫలానా సాయంత్రం గాలి వస్తుందని చెప్పలేం. మీకు పనికొచ్చేవి రెండు. ఒకటి, మంగళ, శుక్రవారాల్లో జిల్లాకు వచ్చే వ్యవసాయ వాతావరణ సలహా. ఐదు రోజుల అంచనా అందులోనే ఉంటుంది, మేఘదూత్ యాప్‌లో తెలుగులోనే చూడొచ్చు. రెండోది, రాబోయే మూడు గంటల గురించి అప్పటికప్పుడు ఇచ్చే హెచ్చరిక. మొదటిది చూసి కోత, తడి నిర్ణయించుకోండి. రెండోది చూసి మనుషుల్ని తోటలోంచి బయటికి పంపండి.

మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా పడమట ఉన్న వెలిగొండల మీదుగా పొడి పడమటి గాలి దిగుతుంది. సముద్రపు గాలి ఆలస్యంగా లోపలికి వచ్చిన రోజు ఎండ ముదురుతుంది. ఆ తేమ గాలి వేడి నేల మీదికి చేరాక సాయంత్రానికి మబ్బు నిలువునా పెరిగి, వాన కంటే ముందు గాలిని కిందికి తోస్తుంది. కొమ్మలు విరిచేది ఆ మొదటి పది పదిహేను నిమిషాల గాలే. మేలో తుపాను రాదనీ అనుకోకండి. లైలా తుపాను 2010 మే 20న బాపట్ల దగ్గరే తీరం దాటింది.

ఐదు రోజుల అంచనాలో ఈదురుగాలి ఉంటే, మార్కెట్‌కు పనికొచ్చే సైజు కాయ రెండు రోజులు ముందే కోసేయండి. తడిసిన కాయ గోతాంలో కుళ్లుతుంది. కాయ బరువుకు వంగిన కొమ్మలకు సరుగుడు కర్రలు పోటు పెట్టండి. వానకు ముందు ఏది కొట్టినా కడుక్కుపోతుంది. గాలివాన వెలిశాక ఆకు మీద గజ్జి మచ్చలు కనిపిస్తే, రెండు రోజుల్లోపు కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు. ఒరిగిన చెట్టును మర్నాడే నిలబెట్టి, మూడో వంతు కొమ్మ తీసేసి, మొదట్లో మట్టి ఎగదోయండి. ఉరుము వినపడితే మోటారు స్టార్టర్ ముట్టుకోవద్దు, చెట్టు కింద నిలబడవద్దు. కాయ పోతే వచ్చే ఏడు వస్తుంది, మనిషి రాడు.

నాకు అన్నిటికంటే భయం నిప్పు. ఎడగారు (వేసవిలో వేసే రెండో వరి పంట) నాట్ల కోసం తొందరపడి మధ్యాహ్నం పూట కొయ్యకాళ్లకు అగ్గిపెట్టేవారు పడమటి గాలి ఎటు పోతుందో చూడరు. ఒక్క గాలిమలుపు చాలు, మూడు వరుసలతో ఆగదు. పక్క రైతుతో తగవు పడకుండా కూర్చుని మాట్లాడండి. టన్ను గడ్డి తగలబెడితే సుమారు 5.5 కిలోల నత్రజని గాలిలో కలుస్తుంది. పశువులకు పనికొచ్చే మేత పోతుంది. ఎకరాకు 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ చల్లి, నీరు పెట్టి రోటవేటర్‌తో కలియదున్నితే ఆ కొయ్యకాలే ఎరువవుతుంది. ఇద్దరూ కలిసి రోటవేటర్ అద్దె పంచుకున్నా మీకు నష్టం లేదు.

మీ వైపు పని కూడా ఉంది. పడమటి కంచె వెంబడి మూడు మీటర్ల వెడల్పున గడ్డి లేకుండా దున్ని ఉంచండి, మే అయ్యేదాకా నెలకోసారి. చెట్ల మొదళ్లలో ఎండుగడ్డి పరవడం (మల్చింగ్) మంచిదే, కానీ ఆ మూడు వరుసల్లో దాని మీద మట్టి కప్పండి, మొదలుకు అడుగు దూరం వదలండి. కరెంటు తీగలు సాగి గాలికి ఒకదానికొకటి తగులుతుంటే, రవ్వ ఎండుగడ్డిలో పడకముందే 1912కు ఫోన్ చేయండి. మంట లేస్తే 101. గాలికి అడ్డంగా సరుగుడు వరుస వేయాలనుకుంటే అక్టోబరు వానల్లో వేయండి. ఆ వరుస ఎదిగాక రాలిన ఆకును వేసవికి ముందే ఊడ్చేయాలి, అది పెట్రోలులా అంటుకుంటుంది.

చిగురు వచ్చాక పడమటి వరుసలు ఇదే వైపు నుంచి ఫొటో తీసి పంపండి. ఏ కొమ్మ ఎక్కడ కోయాలో అప్పుడు చెబుతాను.