ఎస్‌జీపీటీ, ఏఎల్‌టీ... రెండూ వేరా?

ప్రశ్న: మా అబ్బాయికి షీలానగర్‌లో ఉద్యోగం వచ్చింది. కంపెనీవాళ్లు చేయించిన రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ 61 అని వచ్చింది. టెన్షన్ పడి డాబాగార్డెన్స్‌లో ఇంకో ల్యాబ్‌కు వెళ్తే ఆ రిపోర్టులో ఎస్‌జీపీటీ అన్న మాటే లేదు, ఏఎల్‌టీ 54 అని ఉంది. ఇవి రెండు పరీక్షలా? పక్కింటావిడ లివర్ పాడైపోయిందంటూ నేలఉసిరి పసరు పట్టించమంటోంది. అబ్బాయికి 24 ఏళ్లు. మందు అలవాటు లేదు, రోజూ జిమ్‌కు వెళ్తాడు.
- ఒక తల్లి, గాజువాక

జవాబు: ఒకటే పరీక్షమ్మా. మన విశాఖ రైల్వేస్టేషన్‌ని పాతవాళ్లు ఇప్పటికీ వాల్తేరు స్టేషన్ అంటారు చూడండి, ఇదీ అంతే. ఎస్‌జీపీటీ పాత పేరు, ఏఎల్‌టీ ఇప్పటి పేరు. చాలా ల్యాబులు రెండూ పక్కపక్కనే వేస్తాయి. మీకు దొరికినవాళ్లు చెరొకటీ వేశారు.

ఏఎల్‌టీ ఒక ఎంజైమ్, అంటే ఒంట్లో రసాయన చర్యల్ని నడిపే ప్రోటీన్. ఇది అలనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి అమైనో సమూహాన్ని తీసి కీటోగ్లుటారేట్ అనే మరో పదార్థానికి అందిస్తుంది. దాంతో అలనిన్ పైరువేట్ అవుతుంది, కీటోగ్లుటారేట్ గ్లుటమేట్ అవుతుంది. ఈ చర్య వెనక్కి కూడా నడుస్తుంది. గ్లుటమేట్, పైరువేట్‌ల వైపు నుంచి చూసి పెట్టిన పేరు 'సీరం గ్లుటామిక్ పైరువిక్ ట్రాన్సామినేజ్'. అలనిన్ వైపు నుంచి చూస్తే 'అలనిన్ అమైనోట్రాన్స్‌ఫరేజ్'. పాత పేరులోని 'సీరం' ఎంజైమ్‌ది కాదు, రక్తం గడ్డకట్టాక విడిపోయే పసుపు ద్రవంలో కొలిచారని చెప్పే మాట. కాబట్టి ఎవరైనా 'లివర్‌లో ఎస్‌జీపీటీ పెరిగింది' అంటే బయోకెమిస్ట్రీ పాఠాలు చెప్పిన నా చెవికి గుచ్చుకుంటుంది. పెరిగింది రక్తంలో.

ఏఎల్‌టీ ఎక్కువగా ఉండేది కాలేయ కణాల లోపలే. కణాలు దెబ్బతింటే బయటికి కారి రక్తంలో కలుస్తుంది. అంటే ఈ అంకె కారిన సంగతి చెబుతుంది తప్ప లివర్ ఎంత బాగా పనిచేస్తోందో చెప్పదు. ఆ సంగతికి అల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రోటీన్), ప్రోత్రాంబిన్ టైమ్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం), బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) చూడాలి. అన్నిటినీ కలిపి 'లివర్ ఫంక్షన్ టెస్ట్' అనడం నాకెప్పుడూ నచ్చలేదు.

61, 54 మధ్య తేడాకు భయపడక్కర్లేదు. మిషన్ ఎంజైమ్‌ను లెక్కపెట్టదు, అది పనిచేసే వేగాన్ని కొలుస్తుంది. నిమిషానికి ఒక మైక్రోమోల్ పదార్థాన్ని మార్చగలిగితే ఒక యూనిట్. ఈ ఎంజైమ్‌కు బి6 విటమిన్ రూపం తోడుండాలి. కొన్ని ల్యాబుల రసాయనాల్లో అది కలుపుతారు, కొన్నింటిలో కలపరు. కలపకపోతే అంకె కాస్త తగ్గుతుంది. అందుకే అదే రిపోర్టులో పక్కన రాసిన నార్మల్ రేంజ్‌తోనే పోల్చుకోండి. మళ్లీ చేయించేటప్పుడు ల్యాబ్ మార్చకండి.

ఏఎల్‌టీకి తోబుట్టువు లాంటి మరో ఎంజైమ్ ఏఎస్‌టీ, పాత పేరు ఎస్‌జీఓటీ. ఇది గుండెలో, కండరాల్లో కూడా బాగా ఉంటుంది. 1954లో లాడ్యూ, రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ అనే పరిశోధకులు దీన్ని కొలిచి చూపింది గుండెపోటు రోగుల రక్తంలోనే! ఇప్పుడు గుండెపోటును పట్టే ఆ పనికి ట్రోపోనిన్ అనే గుండె కండరాల ప్రోటీన్ పరీక్ష వచ్చింది. మీవాడి జిమ్ సంగతి ఇక్కడే అడగాలి. గట్టిగా బరువులెత్తాక కొన్ని రోజులు ఏఎస్‌టీ, కొంతవరకు ఏఎల్‌టీ కూడా పెరుగుతాయి. అప్పుడు సీకే అనే కండరాల ఎంజైమ్ కూడా పెరిగి ఉంటుంది. సీకే మామూలుగా ఉంటే కొవ్వు పట్టిన లివర్, హెపటైటిస్ బీ, సీ లాంటివి డాక్టరు చూస్తారు. మందు ముట్టనివాళ్లకీ ఫ్యాటీ లివర్ వస్తుంది.

పసరు మాత్రం వద్దు. మూలికలతోనూ లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి. పైగా తాగాక అంకె పెరిగితే కారణం ఏదో తేలదు. ఓ వారం జిమ్ ఆపించి, డాక్టరు చెప్పినట్టు మళ్లీ పరీక్ష చేయించండి. ట్రైనర్ ఇచ్చిన పౌడర్ డబ్బా ఏదైనా వాడుతుంటే అది కూడా సంచిలో వేసుకెళ్లమనండి.