ముందు నీళ్ల కాగితం చూడు, తీగలు తర్వాత చూద్దువు గాని

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నువ్వూ మీ ఆయనా ఇక్కడ దక్షిణ ఆస్ట్రేలియాలో, రెన్‌మార్క్ దగ్గర పాతికెకరాల షిరాజ్ (ఎర్ర వైన్ ద్రాక్ష) తోట కొనబోతున్నారని చెప్పాడు. ఇక నాకు నిద్ర పట్టలేదు. మీ తాతయ్య శంషాబాద్ దగ్గర పందిళ్లు వేసి అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పండించినవాడు. ఆయన మనవరాలు మర్రే నది పక్కన ద్రాక్ష తోట చేస్తుందంటే గర్వంగా ఉండదా? ఉంది. కానీ "చాలా చౌకగా వస్తోంది" అన్నావట. ఆ మాటకే నా గుండె గుభేలుమంది.

చౌక ఎందుకైందో తెలుసుకున్నావా? 2021లో చైనా ఆస్ట్రేలియా వైన్ మీద 116 నుంచి 218 శాతం దాకా సుంకం వేసింది. 2024 మార్చిలో తీసేసింది గానీ, మా వైపు ఎర్ర ద్రాక్ష ఇంకా కోలుకోలేదు. ఇది ఒక కారణం. రెండోది నీళ్లు అయి ఉండొచ్చు. నా భయమంతా దాని గురించే.

లోను, ట్రాక్టరు నువ్వు చూసుకోగలవు. వైనరీతో కాంట్రాక్టు నోటిమాటగా వద్దు. కత్తిరింపులు నేను నేర్పిస్తాను. మన దగ్గర ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి కత్తిరిస్తారు కదా. ఇక్కడ తీగ చలికాలమంతా నిద్రపోతుంది, ఆ నిద్రలోనే ఒక్కసారి కత్తిరిస్తాం.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

ఇక్కడ నేల వేరు, నీళ్లు వేరు. పొలం ఉంచుకుని నీళ్ల హక్కు ఒక్కటీ అమ్ముకోవచ్చు. 2005లో మా లాక్స్‌టన్ తోట మీద బ్యాంకు అప్పు ఉంది. పర్మనెంట్ నీళ్లు, అంటే ఏటా నది నీళ్లలో వాటా తీసుకునే హక్కు, అమ్మేస్తే అప్పు తీరిపోతుంది, ఏటా కావలసినన్ని టెంపరరీ నీళ్లు, అంటే ఆ ఒక్క ఏటికి సరిపడేవి, కొనుక్కోవచ్చని ఒక ఏజెంటు లెక్క వేసి చూపించాడు. మీ మావయ్య వద్దన్నారు. నేనే పట్టుబట్టి సంతకం పెట్టించాను. అప్పంటే నాకు అంత భయం. మా నాన్న, అంటే మీ తాతయ్య, అప్పు చేసి ఏడో బోరు వేయించిన రోజు నాకు పదహారేళ్లు. పొద్దుటి నుంచి రిగ్గులోంచి తెల్లటి దుమ్మే లేచింది. ఆ దుమ్ములో నిలబడి, పైకొచ్చిన మన్ను పిడికిట్లో పిసికి, తడి తగులుతుందేమోనని మళ్లీ మళ్లీ చూసుకున్నాడు. అలాంటి అప్పు నా ఇంట్లో ఉండకూడదనుకున్నాను. అప్పు తీర్చాను, నీళ్లు పోగొట్టుకున్నాను.

రెండేళ్లకే కరువు ముదిరింది. 2007-08లో మర్రే నీళ్ల హక్కున్న ఇక్కడి రైతులకే అందులో 32 శాతం ఇచ్చారు, మరుసటి ఏడు 18 శాతం. మాకు అసలు హక్కే లేదు. అంతకు ముందు వంద డాలర్లకు అటూఇటూగా దొరికిన మెగాలీటరు (పది లక్షల లీటర్లు) నీళ్లు వెయ్యి డాలర్ల దాకా పోయాయి. కొనగలిగినన్ని కొంటే సగం తోటకు వచ్చాయి. ఏ వరుసలు బతకాలో మేమే తేల్చాలి. మీ మావయ్య కాగితం మీద గీతలు గీశారు, నేను వెళ్లి డ్రిప్ కుళాయిలు కట్టేశాను. కట్టేసిన ప్రతి కుళాయికీ ఎర్ర రిబ్బన్ ముడేశాను. తీగకు దాహమైతే ముందు నులితీగలు వడలిపోతాయి. తర్వాత కొస సాగదు. ఆ తర్వాత తీగ మొదలు దగ్గరి ఆకులు పసుపుబారి రాలతాయి. రోజూ వెళ్లి చూసేదాన్ని. చాలా తీగలు మళ్లీ చిగురించలేదు. మీ మావయ్య ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

నువ్వు మా రాష్ట్రంలోనే ఉన్న బరోస్సా వైన్ లోయ చూసి వచ్చి, అక్కడ చాలా తీగలు నీళ్లు పెట్టకుండానే బతుకుతున్నాయి కదా అంటావేమో. అది వేరే నేల. 1842లో ప్రష్యా రాజు మత నిర్బంధం పడలేక వచ్చిన లూథరన్లు అక్కడ బెథనీ అనే పల్లె కట్టుకున్నారు. మరుసటి ఏడు బరోస్సాలో నాటినవని చెప్పే షిరాజ్ తీగలు ఇంకా కాస్తున్నాయి. వాటి వేళ్లు లోతుకు దిగాయి. 1980ల్లో ప్రభుత్వమే డబ్బిచ్చి అలాంటి ముసలి తీగలు పీకించిందంటే ఇప్పటికీ నాకు బాధేస్తుంది. కూనవారా అనే మరో ద్రాక్ష ప్రాంతంలో సుమారు 15 కిలోమీటర్ల పొడవు, 2 కిలోమీటర్ల వెడల్పున ఎర్రమట్టి పట్టీ ఉంది. దాని కింద సున్నపురాయి, ఆ రాతిలో నీళ్లు. అక్కడివాళ్ల భయం వసంతంలో పడే మంచు. సిడ్నీ వైపు హంటర్ వ్యాలీవాళ్లకు సరిగ్గా కోత వేళకు వాన పడుతుందని టెన్షన్. రెన్‌మార్క్, లాక్స్‌టన్ ఉన్న మా రివర్‌ల్యాండ్ అలా కాదు. ఏడాదికి వాన 250 మిల్లీమీటర్లు, హైదరాబాద్‌లో పడేదానిలో మూడో వంతు. 1887లో చాఫీ సోదరులు వచ్చి నది నీళ్లు పంపులతో ఎత్తకముందు రెన్‌మార్క్ గొర్రెలు మేసే బీడు. పంపు ఆగితే మళ్లీ బీడే.

అందుకని తోట అమ్మేవాళ్లను ముందు నీళ్ల లైసెన్సు అడుగు. ఎన్ని మెగాలీటర్లు, ఎవరి పేరున, తోటతో పాటు మీకొస్తాయా. తడబడ్డారో, లేచి వచ్చెయ్.

ఇంకొకటి, కోప్పడి చెబుతున్నాను. పోయిన ఏడు మెల్‌బోర్న్ దగ్గర యారా వ్యాలీ తోటల్లో తిరిగిన బూట్లతోనే మా గేటు దాటావు. వేరు రసం పీల్చే ఫిలోక్సెరా అనే పురుగు 1877లో జీలాంగ్‌లో బయటపడి పక్క రాష్ట్రం విక్టోరియాలో తోటలకు తోటలు పీకించింది. 2006లో యారాలో కూడా దొరికింది. మా రాష్ట్రంలోకి ఇంతవరకు రాలేదు కాబట్టే బరోస్సా ముసలి తీగలు అంటు కట్టకుండానే సొంత వేళ్ల మీద నిలబడి ఉన్నాయి. అది బూట్లకు అంటిన మట్టితో కూడా ప్రయాణిస్తుంది తల్లీ. ఆ రోజు నువ్వు అలిసిపోయి వచ్చావని ఏమీ అనలేకపోయాను.

శనివారం వచ్చెయ్. లైసెన్సు కాపీ తెచ్చుకో, ముగ్గురం కూర్చుని చూద్దాం. మీ మావయ్యకు ఆ లెక్కలు ఇప్పుడు కంఠతా వచ్చు. పెరట్లో గోంగూర బాగా వచ్చింది, పప్పు చేస్తాను. నీ బూట్లు మాత్రం మెల్‌బోర్న్‌లోనే వదిలేసి రా. నావి నీకు సరిపోతాయి, కడిగి వరండాలో పెట్టాను.

నీ అత్తయ్య