మద్రాసులో చుట్టంగా నాలుగు రోజులు

ప్రశ్న: నేను పుట్టి పెరిగింది మద్రాసు టీ నగర్‌లో. నాన్నగారు వడపళనిలోని ఒక స్టూడియోలో ఎడిటింగ్ విభాగంలో పనిచేసేవారు. తెలుగు సినిమా హైదరాబాదుకు తరలిపోవడంతో, నేను డిగ్రీ చివరి సంవత్సరం పరీక్షలు రాసిన వెంటనే, 1992లో మేమూ వచ్చేశాం. ఆ తరువాత రెండు పెళ్ళిళ్ళకు వెళ్ళి ఏ పూటకాపూట తిరిగి వచ్చానే తప్ప ఊరు చూసింది లేదు. వచ్చే జనవరిలో మావారితో కలిసి నాలుగు రోజులు వెళ్దామనుకుంటున్నాను. ఆయన మద్రాసు ఎన్నడూ చూడలేదు. చూడదగినవి ఏమిటని అడిగితే నాకు మెరీనా తప్ప ఏదీ తోచలేదు. కాలేజీ స్నేహితురాళ్ళు ముగ్గురు ఈమధ్యే ఫోనులో మళ్ళీ దొరికారు. హోటల్లో దిగుతామంటే “సొంత ఊళ్ళో హోటలా?” అని ఒకామె నొచ్చుకుంది. ఇన్నేళ్ళ తరువాత ఎదురెదురుగా కూర్చుంటే మాటలు దొరుకుతాయా అని నా బెంగ. మా పాత అద్దె ఇల్లు కూడా చూడాలని ఉంది. మీ సలహా ఏమిటి?
— ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: మెరీనా తప్ప ఏదీ తోచకపోవడంలో వింత లేదమ్మా. కాపురమున్న ఊళ్ళో మనం తిరిగేది ఇల్లు, కాలేజీ, బజారు, బంధువుల ఇళ్ళు, ఇంతే. మ్యూజియానికి చుట్టాలు వస్తేనే వెళ్తాం. ఇప్పుడు చుట్టం మీరే కనుక మొహమాటపడకుండా చుట్టంలాగే చూడండి.

ముందు తేదీల సంగతి. ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ ఊరిని తడుపుతూనే ఉంటాయి, జనవరికి తెరిపి ఇస్తాయి. అయితే నెల మధ్యలో పొంగల్ వస్తుంది. ఆ వారంలో మీ స్నేహితురాళ్ళు పిల్లల రాకతోనో, అత్తవారి ఊరి ప్రయాణంతోనో తీరిక లేకుండా ఉంటారు, రైళ్ళలో చోటూ దొరకదు. పండుగ వెళ్ళిన తరువాతి వారమే మీకు అనువైనది.

హోటల్ విషయంలో మీ నిర్ణయమే సరైనది. యాభై దాటిన వయసులో, ఆ ఇంటి వేళలు మనకూ మన వేళలు వారికీ తెలియనప్పుడు, నాలుగు రాత్రులు ఇంకొకరి ఇంట్లో ఉండటం ఇద్దరికీ ఇబ్బందే. నొచ్చుకున్న ఆమెకు మాత్రం “రెండో రోజు మధ్యాహ్నం భోజనం మీ ఇంట్లోనే” అని ఇప్పుడే, ఇక్కడి నుంచే చెప్పేయండి. రోజూ పూటా ముందే తెలిసిన ఇల్లాలికి సగం కోపం అప్పుడే పోతుంది. ఇది నాకు అనుభవం మీద తెలిసిన సంగతి. నేను చదువుకున్న ఊరికి పాతికేళ్ళ తరువాత వెళ్ళి, ఆశ్చర్యపరుద్దామన్న ఉబలాటంతో చెప్పకుండా ఒక మిత్రుడి తలుపు తట్టాను. మధ్యాహ్నం రెండు గంటలు. ఆయన భార్య అంట్లు తోముకుని అప్పుడే నడుం వాల్చింది. నా కోసం మళ్ళీ పొయ్యి వెలిగించింది, ఉప్మా చేసి పెట్టింది, ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ఉప్మా రుచి ఇప్పటికీ చేదుగానే గుర్తుంది.

హోటల్ గది తీసుకునే ముందు మీ స్నేహితురాళ్ళు ముగ్గురూ ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారో అడగండి. మీ ఊహలో అందరూ ఇంకా టీ నగర్‌లోని పానగల్ పార్కు చుట్టుపక్కలే ఉండి ఉంటారు. మీ తరం వాళ్ళలో చాలామంది అక్కడి అద్దెలు భరించలేకో, పిల్లల ఉద్యోగాల కోసమో వేళచ్చేరికీ, తాంబరానికీ, పాత మహాబలిపురం రోడ్డుకూ వెళ్ళిపోయారు. మీరు వచ్చేసేనాటికి టీ నగర్ వాళ్ళకు రైలంటే మాంబళం స్టేషనులో ఎక్కే ఎలక్ట్రిక్ రైలే. ఇప్పుడు మెరీనా వెనకగా వేళచ్చేరి దాకా ఎత్తు మీద నడిచే రైలు ఉంది, 2015 నుంచి మెట్రో ఉంది. సెంట్రల్ స్టేషనులో దిగి మెట్రోలోనే వడపళని చేరవచ్చు. మెట్రో స్టేషనుకు నడక దూరంలో గది దొరికితే ఆటోవాళ్ళతో బేరం తప్పుతుంది. మరిచిపోయిన తమిళం కూడగట్టుకుని బేరమాడటం ఒక సరదా అనుకుంటే అది వేరే సంగతి.

మీ స్నేహితురాళ్ళు టీ నగర్ వదిలేసి ఉంటే మీ బెంగ చాలావరకు తీరినట్టే. ఆ వీధులు మీకు ఎంత పరాయివో వాళ్ళకూ దాదాపు అంతే పరాయివి. పండుగకు చీరలు కొనడానికి వచ్చి గుంపులో నలిగి వెళ్ళడమే తప్ప వాళ్ళూ ఏళ్ళ తరబడి అక్కడ తీరిగ్గా నడిచి ఉండరు. అందుకని నలుగురూ కలిసి ఒక పనిరోజు పొద్దున్నే, దుకాణాల షట్టర్లు లేవకముందు నడవండి. పాండీ బజారులో 2019లో కాలిబాటలు వెడల్పు చేశారు కనుక ఆగి మాట్లాడుకోవడానికి చోటుంది. ఏ కొట్టు ఏ చోట ఉండేదో ఒకరు చెబితే ఇంకొకరు కాదంటారు, ఆ వాదులాటతోనే గంట గడుస్తుంది. “ఎలా ఉన్నావు, పిల్లలేం చేస్తున్నారు” అని హోటల్ టేబులు చుట్టూ కూర్చుంటే పది నిమిషాల్లో మాటలు అయిపోవడం నేను చూశాను. పానగల్ పార్కు దగ్గర మెట్రో రెండో దశ తవ్వకాలు చూసి దిగులు పడవద్దని మాత్రం చెబుతున్నాను. దారిలో మీవారికి ఆ పేర్ల సంగతి చెప్పండి. టీ నగర్ అంటే త్యాగరాయనగర్, అది బ్రాహ్మణేతరుల పక్షంగా పుట్టిన జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరైన పిట్టి త్యాగరాయ శెట్టి పేరు. పానగల్ అన్నది 1921 నుంచి 1926 దాకా అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానిగా ఉన్న పానగల్లు రాజా పేరు. ఇద్దరూ తెలుగువారే.

పాత ఇంటికి మొదటి రోజు వెళ్ళకండి, ఒంటరిగా అసలే వెళ్ళకండి. ఆ చోట అపార్ట్‌మెంటు లేచి ఉండే అవకాశమే ఎక్కువ. నాన్నగారు పనిచేసిన వడపళనిలోనే చూడండి, విజయా వాహినీ స్టూడియో ఫ్లోర్లు ఉన్న నేల మీద 2013లో ఒక మాల్ తెరిచారు. పక్కన ఒక స్నేహితురాలు ఉంటే “ఇక్కడే కదా మీ అమ్మగారు మాకు పెసరట్లు వేసి పెట్టేది” అంటుంది. ఇల్లు లేకపోయినా ఆ మాట కోసం వెళ్ళవచ్చు.

ఇక మీవారికి చూపించవలసినది, నన్నడిగితే, ఎగ్మోరులోని ప్రభుత్వ మ్యూజియం. 1851లో మొదలైన ఆ మ్యూజియంలో అమరావతి స్తూపం నుంచి తెచ్చిన సున్నపురాతి పలకలు ఉన్నాయి. మిగిలిన వాటిలో పెద్ద భాగం లండన్‌లో ఉంది కనుక, ఇంత దగ్గరలో చూడగలిగినప్పుడు వదులుకోవడం న్యాయం కాదు. పలకల మీద చెక్కిన మనుషుల చేతి కడియాలూ మొలనూళ్ళూ తీరిగ్గా చూడండి, ఒక పూట పట్టినా ఫరవాలేదు. మహాబలిపురానికి ఒక రోజు కేటాయిస్తే దారిలో ముట్టుకాడు దగ్గర, దక్షిణాది పాత ఇళ్ళనూ చేతిపనులనూ చూపించే దక్షిణచిత్ర మ్యూజియం వస్తుంది. 1996లో తెరిచారు కనుక మీకూ కొత్తే. కపాలీశ్వరుడి గుడి, శాంథోమ్ చర్చి ఒక సాయంత్రంలో అయిపోతాయి. చీకటి పడే వేళకు మెరీనాకు చేరి, కొబ్బరి తురుమూ మామిడి ముక్కలూ కలిపి కాగితం పొట్లంలో పోసి ఇచ్చే వేడి బఠాణీ సుండల్ తినండి. దానికి ముగ్గురు స్నేహితురాళ్ళనూ భర్తలతో సహా పిలవండి, అక్కడ మర్యాదలు ఎవరికీ అవసరం లేదు.

పట్టుకెళ్ళడానికి ఆవకాయ మంచిదే కానీ ఇంటికి పావుకిలో మించవద్దు. ఈ వయసులో ఏ ఇంట్లో ఎవరికి రక్తపోటో తెలియదు. అన్నట్టు, ఎగ్మోరు మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆ రోజును మహాబలిపురానికి పెట్టుకోండి.