పిల్లాడు బూతు మాట అన్నాడని స్కూల్ నుంచి ఫోనొస్తే

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. అమెరికా వచ్చి ఆర్నెల్లు కూడా కాలేదు, బాబు సిక్స్త్ గ్రేడ్, అసిస్టెంట్ ప్రిన్సిపాల్ ఫోన్ చేసి మీవాడు క్లాసులో చెడ్డ మాట అన్నాడు రేపు రండి అన్నాడు, ఇక నిద్ర పట్టట్లేదు, రికార్డ్‌లో పడుతుందా, కాలేజీకి అడ్డమొస్తుందా, వీసాకేమన్నా అవుతుందా అని. ముందు కాస్త స్థిమితపడండి. స్కూల్లో బూతు మాటకి వేసే శిక్షకీ వీసాకీ ఏ సంబంధమూ లేదు. కాలేజీ సంగతి ఇంకా చాలా దూరం, చాలా కాలేజీలకి అప్లికేషన్లు వెళ్ళే కామన్ యాప్ వాళ్ళు కూడా స్కూల్లో ఎప్పుడైనా శిక్ష పడిందా అనే ప్రశ్నని 2021లోనే తీసేశారు, విడిగా అడిగే కాలేజీలు కొన్ని ఉన్నాయి గానీ వాళ్ళూ సిక్స్త్ గ్రేడ్ మాటలు తవ్వుకుంటూ కూర్చోరు. మీరు భయపడాల్సింది వేరే ఉంది, అది చెప్పాలంటే నా కథ చెప్పాలి.

మేం 2007 ఆగస్టులో వచ్చాం. జనవరికల్లా మా ఆయన ప్రాజెక్ట్ మారి వేరే రాష్ట్రం వెళ్ళాల్సొచ్చింది, మావాణ్ణి సగం ఏడాది అయిపోయాక కొత్త మిడిల్ స్కూల్లో వేశాం. ఫిబ్రవరిలో ఫోనొచ్చింది. మా ఆయన క్లయింట్ దగ్గర, నాకు డ్రైవింగ్ రాదు, మంచులో నలభై నిమిషాలు నడిచి వెళ్ళా. షూస్ తడిసి ఆఫీస్ రూమ్ కార్పెట్ మీద నీళ్ళు కారుతున్నాయి, నా చూపంతా వాటి మీదే. అక్కడి అసిస్టెంట్ ప్రిన్సిపాల్ ఒక కాగితం ముందు పెట్టాడు. రెఫరల్ అంటారు దాన్ని, పిల్లాడు ఏం చేశాడో టీచర్ రాసి ఆఫీసుకి పంపేది. అందులో ఆ మాట ఉండాల్సిన చోట మొదటి అక్షరం, తర్వాత అన్నీ చుక్కలు. నాకర్థం కాక ఏం మాటండీ అది అని అడిగా. ఆయన నోటితో అనలేదు, పసుపు స్టిక్కీ నోట్ మీద పెన్సిల్‌తో రాసి వేలితో నా వైపు జరిపాడు. చదివినా దానర్థం నాకు తెలీదు, కానీ ఆయన మొహం చూసి చాలా పెద్ద తప్పేనని అర్థమైంది.

అక్కడే నేను వరసగా తప్పులు చేశాను, మీరు చెయ్యకండి. సారీ సారీ అంటూ చేతులు జోడించి, చదవకుండా సంతకం పెట్టేశా. అసలేం జరిగింది, ఎవరితో అన్నాడు, ముందు ఎవరేమన్నారు, మావాడు ఏం చెప్పాడు, ఒక్క ముక్క అడగలేదు. టీచర్ చెప్పాడంటే అంతే అనుకునే అలవాటు మనది. పైగా ఆయన్ని మంచి చేసుకుందామని, ఇంటికెళ్ళాక రెండు తగిలిస్తాను సార్, మళ్ళీ ఇలా జరగదు అన్నా. ఆయన పెన్ను ఆగిపోయింది. ఇంట్లో కొడతారా అని చాలా నెమ్మదిగా అడిగాడు. పిల్లల్ని హింసిస్తున్నారని అనుమానమొస్తే స్కూల్ వాళ్ళు పై అధికారులకి చెప్పి తీరాలి, చట్టం అది, నాకెవరు చెప్పారు అప్పట్లో? ఏదో మాటవరసకి అన్నానని సర్దుకునేసరికి చెమటలు పట్టాయి. ఇప్పుడొచ్చేవాళ్ళు ఫోన్లో చూసుకుని అన్నీ తెలుసనుకుంటారు గానీ, ఆ గదిలో కూర్చున్నాక నోట్లోంచి ఊళ్ళో మాటే వస్తుందమ్మా, అందుకే ముందే చెప్తున్నా.

ఇక రూల్స్ సంగతి, మీ స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే మీ ఏరియా పబ్లిక్ స్కూళ్ళని నడిపే సంస్థ, ఇచ్చే స్టూడెంట్ హ్యాండ్‌బుక్‌లో ఉంటాయి, కూర్చుని చదవండి. స్కూల్లో బూతులకి శిక్ష వెయ్యొచ్చని ఇక్కడి సుప్రీంకోర్టు 1986లోనే చెప్పింది, బెథెల్ కేసు. సస్పెన్షన్ పది రోజుల లోపుదైనా సరే ఆరోపణ ఏంటో చెప్పి పిల్లాడి మాట వినాలని 1975 గాస్ కేసు. ఇంటి దగ్గర వీకెండ్‌లో ఫోన్లో పెట్టిన బూతుకి స్కూల్ ఎంతవరకు వెళ్ళొచ్చన్నది 2021 మహనోయ్ కేసు, అందులో ఆ బూతు పెట్టిన అమ్మాయే గెలిచింది, అలాగని బెదిరింపులూ వేధింపులూ ఇంటి నుంచైతే పర్లేదని కాదు. ఇవన్నీ పబ్లిక్ స్కూళ్ళకే, ప్రైవేట్ అయితే వాళ్ళ కాగితంలో ఏముంటే అది. ఇంగ్లీష్ కష్టమైతే ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, పబ్లిక్ స్కూల్ ఉచితంగా ఏర్పాటు చెయ్యాలి, పిల్లాడితోనే అనువాదం చేయించుకోకండి.

ఒక్కటి మాత్రం వివరంగా చెప్పాలి. మనకి బూతంటే బూతే, ఇక్కడ అన్నీ ఒకటి కాదు. కోపంలో నోరు జారిన మాటకి లంచ్ టైంలోనో, స్కూలయ్యాకో కాసేపు కూర్చోబెట్టే డిటెన్షన్ వేసి వదిలేస్తారు చాలాచోట్ల. అదే రంగునీ మతాన్నీ జాతినీ పట్టుకుని అన్న మాటైతే చాలా సీరియస్, పాటలో విన్నానంటే కుదరదు. మనం ఇంట్లో నల్లోడూ తెల్లోడూ అని అలవోకగా అంటుంటాం, పిల్లలు వింటారు, దాన్నే ఇంగ్లీష్‌లోకి తిప్పుతారు. ఇంకోటి, చంపేస్తా. రోజుకి పదిసార్లు అంటాం కదా, అన్నం తినకపోతే చంపేస్తా, టీవీ ఆపకపోతే చంపేస్తా. అదే మాట పిల్లాడు ఇంగ్లీష్‌లో తోటివాడితో అంటే బూతు లెక్కలోకి రాదు, బెదిరింపు లెక్కలోకి వస్తుంది, పోలీసు దాకా కూడా వెళ్ళొచ్చు. మా ఇంట్లో ఆ మాట ఆ ఏడాదే మానేశాం.

సరే, మావాడికి ఒకరోజు ఇన్ స్కూల్ సస్పెన్షన్ వేశారు. ఇంటికి పంపరు, స్కూల్లోనే ఒక గదిలో కూర్చోబెట్టి పని చేయిస్తారు. నేను ఇంట్లో నా శిక్ష నేను వేశా, గేమ్స్ బంద్, కిందకెళ్ళి ఆడుకోవడం బంద్, నీకా మాట నేర్పినవాళ్ళతో తిరిగితే కాళ్ళిరగ్గొడతా అన్నా. రెండు వారాలు వాడు నాతో మాట్లాడలేదు. ఒకరోజు రాత్రి పడుకోబెడుతుంటే, ఆ గదిలో భయమేసిందా నాన్నా అని అడిగా. లేదమ్మా, అక్కడే బాగుంది, అక్కడ అందరూ ఒంటరిగానే కూర్చుంటారు అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, నెలరోజులుగా లంచ్ బాక్స్ మూత తియ్యకుండా ఇంటికొస్తోంది. నచ్చలేదేమో అనుకున్నా గానీ కూర్చోవడానికి చోటు లేదని తోచలేదు నాకు. లంచ్ టైంలో లైబ్రరీలో కూర్చునేవాడట. ఒక టేబుల్ దగ్గర నలుగురు పిల్లలు, నువ్వు ఆ మాట క్లాసులో గట్టిగా అంటే మా పక్కన కూర్చోనిస్తాం అన్నారట. వాడికీ దానర్థం తెలీదు. అన్నాడు. అంతే జరిగింది. నేనేం చేశాను, ఉన్న ఆ ఒక్క టేబుల్ కూడా తీసేశాను.

తర్వాత స్కూల్లో పిల్లల బాగోగులు చూసే కౌన్సిలర్ దగ్గరికి మళ్ళీ నడిచి వెళ్ళా, ఈసారి చేతులు జోడించలేదు. వచ్చీరాని ఇంగ్లీష్‌లోనే జరిగిందంతా చెప్పా. ఆవిడ వాడికి చెస్ క్లబ్‌లో చోటు చూసింది, లంచ్‌లో పక్కన కూర్చోడానికి ఒక పిల్లాణ్ణి జతచేసింది. మరుసటి ఏడాదికి లైసెన్స్ తెచ్చుకుని ఆ స్కూల్ లంచ్ రూమ్‌లోనే వాలంటీర్‌గా వెళ్ళా, రెండేళ్ళు చేశా. ట్రే పట్టుకుని ఎటెళ్ళాలో తెలీక గోడ పక్కన నిలబడే పిల్లలు రోజూ ఒకరిద్దరైనా కనిపించేవారు, మనవాళ్ళ పిల్లలూ ఉండేవారు, ఇంట్లో అడిగితే స్కూల్ బాగుంది అనే చెప్తారు వాళ్ళు. మావాడు ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు, ఆ చెస్ క్లబ్ పిల్లాడు ఇప్పటికీ ఇంటికొస్తాడు.

మీరు జీపీఏ, రికార్డ్, కాలేజీ అన్నీ రాశారు గానీ బాబుకి ఫ్రెండ్స్ ఎవరో ఒక్క పేరూ రాయలేదమ్మా, అందుకే ఇంత పొడుగు రాశా. వెళ్ళేముందు ఈ రాత్రే వాణ్ణి తిట్టకుండా పక్కన కూర్చోబెట్టుకుని ఏం జరిగిందో వాడి నోటితో చెప్పనివ్వండి, మధ్యలో అడ్డం రాకండి. రేపు రెఫరల్ కాపీ తీసుకోండి, పూర్తిగా చదివాకే సంతకం పెట్టండి, వాడన్నది తప్పేనని ఒప్పుకోండి, ఆ మాట పడ్డవాళ్ళకి వాడితో సారీ కూడా చెప్పించండి. అన్నీ అయ్యాక లేవబోయేముందు, లంచ్‌లో మావాడు ఎవరి పక్కన కూర్చుంటున్నాడు అని అడగండి. తెలీదంటే కౌన్సిలర్‌తో కనుక్కుని చెప్పమనండి, చెప్పేదాకా రెండు మూడుసార్లైనా వెళ్ళండి. వాళ్ళేమన్నారో నాకు రాయండి, చూస్తుంటా.